ట్రాక్టరు ముందుభాగమునకు అల్యూమినియపు బంపరు

గత కొన్ని మాసములుగా మన సంఘ సభ్యులు పలువురు మమ్ము ఒకే ప్రశ్న అడుగుచున్నారు. ట్రాక్టరు ముందున్న ఇనుప బంపరు త్రుప్పుపట్టి పొరలు పొరలుగా రాలిపోవుచున్నది. దానిని తీసివైచి అల్యూమినియముతో వేఱొకటి చేయించుకొనవచ్చునా అని. ఉప్పునేలల గ్రామములనుండియు, రొయ్యల చెరువుల గట్లపై ట్రాక్టరు నడుపువారినుండియు ఈ ప్రశ్న మఱింత తఱచుగా వచ్చుచున్నది. అల్యూమినియము ఇనుమువలె త్రుప్పు పట్టదు, మిక్కిలి తేలిక, పాతబడినను తూకమునకు మంచి వెల పలుకును అని వారు చెప్పుదురు. మూడు మాటలును నిజమే. కాని వీనిలో రెండవది, అనగా తేలికదనము, ట్రాక్టరు విషయమున మేలు కాదు సరికదా ప్రాణాపాయము కూడ కావచ్చును. కావున ముందుగా ఆ సంగతి విశదపఱచి, పిమ్మట బంపరు చేయించు పద్ధతిని వ్రాయుచున్నాము.

కారుకు బంపరు కవచము మాత్రమే. ట్రాక్టరుకు అట్లు కాదు. ముందు జాలీని, రేడియేటరును దెబ్బనుండి కాచుట దాని పనులలో ఒకటి. ముందు చక్రములు నేలను విడువకుండ బరువుగా నుండుట రెండవది. వెనుక నాగలియో రోటవేటరో వ్రేలాడుచున్నప్పుడు, లేదా బరువైన ట్రైలరును ఎగువకు లాగుచున్నప్పుడు, ట్రాక్టరు వెనుక ఇరుసుపై త్రాసువలె నిలిచియుండును. ఒక తట్ట వెనుక, ఒక తట్ట ముందు. ముందుతట్టలోని రాళ్లను తీసివేసినచో ఏమగునో కిరాణా అంగడిలో త్రాసు చూచినవారందఱకు తెలిసినదే.

ఈ లెక్కను టేపు పట్టి ఎవరి ట్రాక్టరుకు వారే చూచుకొనవచ్చును. ఉదాహరణమునకు వెనుక ఇరుసునుండి ముందు ఇరుసు 2 మీటర్ల దూరములో నున్నదనియు, బంపరు ముందు ఇరుసునకు మఱి 60 సెంటీమీటర్లు ముందున్నదనియు అనుకొందము. అనగా వెనుక ఇరుసునుండి బంపరు 2.60 మీటర్ల దూరము. వెనుక పనిముట్టు బరువు ఇరుసునకు 80 సెంటీమీటర్లు వెనుక పడుచున్నదనుకొందము. పాత ఇనుప బంపరు 40 కిలోలైనచో, 40ని 2.60తో హెచ్చించి 0.80తో భాగింపగా 130 వచ్చును. ఆ బంపరు వెనుకవైపు 130 కిలోల బరువునకు సరితూగుచున్నదన్నమాట. దానిని తీసి 14 కిలోల అల్యూమినియపు బంపరు పెట్టినచో అది 45 కిలోలకు మాత్రమే సరితూగును. బంపరులో తగ్గినది 26 కిలోలే. వెనుక మాత్రము సుమారు 84 కిలోల ఆధారము పోయినది. ధాన్యపు బస్తా 75 కిలోలు గదా. ఒక బస్తాకు పైగా బరువును తెలియకుండ వెనుక కట్టుకొనినట్లే యైనది.

పొడినేలపై ఈ భేదము స్టీరింగు తేలికయగుటచే తెలియును. దమ్ములో నైనచో తెలియుసరికే సమయము మించిపోవును. కేజివీల్సు బురదలో దిగబడి తిరుగక నిలిచినప్పుడు ఇంజను బలము చక్రమును త్రిప్పలేక ట్రాక్టరు మొండెమునే ఇరుసుచుట్టు త్రిప్పజూచును. ముందుభాగము గాలిలోనికి లేచి నడుపువానిపై వెనుకకు తిరగబడుటకు ఒకటి రెండు సెకండ్లు చాలును. క్లచ్చి నొక్కుదమని కాలు కదపులోపలనే పని ముగియును.

మేము కన్నులార చూచినదొకటి చెప్పెదము. ఒక గ్రామమున ఒక రైతు ఇనుప బంపరు పగిలినదని దానిని విప్పి బాగుచేయుటకు పంపి, నాట్లకు ఆలస్యమగుచున్నదను తొందరలో ట్రాక్టరును దమ్మునకు దింపెను. మడి మూలలో చక్రములు దిగబడినవి. అందఱును చేయునట్లే ఒక దుంగను తెచ్చి వెనుక చక్రములకు అడ్డముగా కట్టి నడుపువానిని బయటకు లాగుమనిరి. దుంగ బురదలో అణగి కదలలేదు, ముందుభాగము లేచినది. ఆ బాలుడు ప్రక్కకు దూకి బురదలో పడుటచే బ్రదికెను. స్టీరింగు చక్రము మాత్రము వంగి నేలలో గ్రుచ్చుకొనెను. ముందున్న 40 కిలోలుండినచో లేవకపోయెడిదని మేము ప్రమాణము చేయలేము. దుంగ కట్టుటయే మొదటి తప్పు, అది ఎన్నడును చేయరాదు. అయినను త్రాసులో ముందుతట్ట ఖాళీగా నున్న దినముననే అది జరిగెను.

ఇందువలన మేము సభ్యులకు చెప్పునది ఇది: క్రింద బరువు ఇనుముగానే యుండనిండు, పైన కవచము అల్యూమినియము కానిండు. కర్మాగారము అమర్చిన పోత ఇనుప బరువులను, వానిని మోయు దిమ్మను విప్పవలదు. త్రుప్పుపట్టినచో గీకి రంగు వేసికొనవచ్చును. పోత ఇనుము ఇనుప రేకువలె త్వరగా తినిపోవునది కాదు. జాలీకి ముందు నిలువుగా నిలుచు చట్రము, అడ్డుపట్టె, దీపముల ప్రక్క గొట్టములు, ఇవి అల్యూమినియముతో చేయదగినవి. పాత బంపరు అంతయు ఒకే ఇనుపముక్కయై దానిని పూర్తిగా మార్చుకతప్పనిచో, తగ్గిన బరువునకు సరిపోవు పోత ఇనుప పలకలను క్రింద తగిలించుటకు ముందే ఏర్పాటు చేసికొనవలెను.

బరువు సరిపోయినదా లేదా యని తెలిసికొనుటకు సులభమైన ఉపాయము బియ్యపుమిల్లు కాటా. ట్రాక్టరు మొత్తమును ఒకసారి తూచి, పిమ్మట వెనుక పనిముట్టును పైకెత్తి ముందు చక్రములను మాత్రము కాటాపై నిలిపి తూచవలెను. ముందు చక్రములపై పడిన బరువు ఖాళీ ట్రాక్టరు బరువులో నూటికి 20 వంతులకు తగ్గరాదు. 2000 కిలోల ట్రాక్టరుకు 400 కిలోలు. తగ్గినచో పలకలు చేర్చవలసినదే. ఈ తూకము పాత బంపరుతో ఒకసారి, క్రొత్తదానితో ఒకసారి వేయించి చీటీలు దాచుకొనుడు.

లోహమును గూర్చి.— అల్యూమినియమనగా ఒక్కటి కాదు. వంటపాత్రల అల్యూమినియము బంపరుకు పనికిరాదు. అది చేతితో వంగును. ఇతర లోహములు కొద్దిగా కలిపిన మిశ్రమములు గట్టివి. కిటికీ చట్రములకు వాడునది 6063. దీనినే అంగడివారు హెచ్.ఇ.9 అందురు. దీనికంటె గట్టిది 6061. మన పట్టణములలో తఱచుగా దొరకు గట్టి చానళ్లు హెచ్.ఇ.30, అనగా 6082. ఈ పేళ్లకు చివర టి6 అని యున్నచో లోహమును కాచి, నీట ముంచి, మరల మితమైన వేడిలో ఉంచి గట్టిపఱచినారని అర్థము. టి6 రకపు 6061 బలము మామూలు మెత్తని ఉక్కు బలమునకు ఇంచుమించు సమానము. వంచి చేయవలసిన రేకునకు 5052 మేలు. అది చలిగానే పగులక వంగును. కొనునప్పుడు చీటీపై ఈ అంకెను వ్రాయించుకొనుడు. అన్నియు తెల్లగనే మెఱయును గనుక కంటితో భేదము తెలియదు.

బలము సమానమైనను బిగువు సమానము కాదు. ఈ సంగతి పనివారిలో కూడ కొందఱు మఱతురు. ఒకే ఆకారము, ఒకే మందము గల ఉక్కుబద్ద, అల్యూమినియపు బద్ద తీసికొని ఒకే బరువు వ్రేలాడదీసినచో అల్యూమినియపుది మూడింతలు వంగును. ఉక్కుబద్దతో సమానముగా బిగువు రావలెనన్నచో మందము సుమారు ఒకటిన్నర రెట్లు చేయవలెను. 6 మిల్లీమీటర్ల ఉక్కు పలకకు బదులు దాదాపు 9 మిల్లీమీటర్ల అల్యూమినియపు పలక కావలెనన్నమాట. బరువులో ఇనుమునకు మూడవవంతే యని చెప్పుకొను లోహము ఇట్లు బిగువును సరిచేయుసరికి సగమగును. కిలో వెల ఇనుమునకు కొన్ని రెట్లు గనుక సగము బరువైనను ఖర్చు ఎక్కువే. ఈ లెక్క చూచిన పిమ్మట వద్దనుకొను సభ్యుడు తెలివిగలవాడే. మెట్టనేలలో, ఉప్పుగాలి తగులని చోట, రంగు వేసిన ఇనుప చట్రము చాలును.

కావలెననుకొనువారికి కొలతలు.— ముందుగా అట్టముక్కతో నమూనా చేయవలెను. ఎరువుల బస్తాలు వచ్చు చోట దొరకు దళసరి అట్టయైన చాలును. దానిని ట్రాక్టరు ముందు పట్టి నాలుగు సంగతులు చూడుడు. బానెట్టు పూర్తిగా తెఱచుకొనుచున్నదా. ముందు చక్రములు రెండువైపుల చివరిదాక తిరిగినప్పుడు తగులకున్నవా. ముందు ఇరుసు నడుమనున్న పిన్నుపై ఊగినప్పుడు, అనగా ఒక చక్రము గట్టుపై నొకటి గుంటలో నున్నప్పుడు, చోటు చాలుచున్నదా. రేడియేటరుకు గాలి అడ్డగింపబడకున్నదా. మూడవదానిని పలువురు చూడరు. చదునైన వాకిట్లో అమర్చి, చేలోనికి దిగిన మొదటి దినముననే టైరు చీల్చుకొనినవారిని మేమెఱుగుదుము. జాలీకిని చట్రమునకును నడుమ నాలుగు వ్రేళ్లు పట్టు ఎడముండవలెను. గడ్డి, ఊక చిక్కుకొనినప్పుడు చేయిపెట్టి తీయుటకును, దెబ్బకు చట్రము కొంత వెనుకకు వంగినను రేడియేటరును తాకకుండుటకును అది అవసరము. బంపరు వెడల్పు ముందు చక్రముల వెలుపలి అంచులను మించరాదు. దీపములు, నంబరు పలక మఱుగుపడరాదు.

అడ్డుపట్టెకు 100 మిల్లీమీటర్ల ఎత్తు, 50 మిల్లీమీటర్ల రెక్కలు, 6 మిల్లీమీటర్ల మందము గల హెచ్.ఇ.30 చానలు సరిపోవును. 90 సెంటీమీటర్ల పొడవైనచో దాని బరువు 2 కిలోల 750 గ్రాములు. ఇదే ఉక్కుతో నైనచో 8 కిలోలు. నిలువుపట్టెలు రెండింటికిని అదే చానలు, పైన దీపముల ఎత్తులో ఒక గొట్టము. చానలు రెక్కలు వెనుకకు చూచునట్లు పెట్టవలెను. ముందు నునుపైన ముఖముండును, బురద నిలువదు. చివరలను వాడిగా వదలక గుండ్రముగా ఆకురాయితో రాచి మూతలు వేయుడు. పిల్లలు, పశువులు తిరుగు వాకిళ్లలో నిలుచు బండి ఇది.

అతుకులు వేయించుటయా, బోల్టులు బిగించుటయా? మా అభిప్రాయము బోల్టులే. కారణము చెప్పవలసియున్నది. టి6 చానలుకు బలము వచ్చినది కాచి గట్టిపఱచుటచే. వెల్డింగు వేడి తగిలినంతమేర ఆ గట్టిదనము కరగిపోవును. అతుకునకు ఇరుప్రక్కల రెండు మూడు సెంటీమీటర్ల మేర లోహము తన బలములో సగమో అంతకంటె ఎక్కువో కోల్పోవును. అతుకు అందముగా చేపపొలుసువలె పడియుండవచ్చును. దాని ప్రక్కనున్న లోహము మాత్రము మెత్తబడియుండును. దెబ్బ తగిలినప్పుడు పగులు అతుకులో రాదు, అతుకు ప్రక్కన వచ్చును. మాకు తెలిసిన ఒక బంపరు నిలువుపట్టె మొదట, సరిగా వంపు బలము అత్యధికముగా పడు చోటనే, చుట్టును వెల్డింగు చేయబడెను. చూచుటకు దృఢము. ఇటుక దిమ్మెను నెమ్మదిగా తాకగనే అతుకు ప్రక్కగా కత్తితో కోసినట్లు విడిపోయి వెనుకనున్న రేడియేటరును చీల్చెను. ఇసుకపై పునాది వేసిన ఇల్లు వాన వచ్చువఱకే గట్టిగా కనబడును.

వెల్డింగు తప్పనిచో అది గ్రామపు కార్ఖానాలో జరుగు పని కాదు. అల్యూమినియముపై ఎల్లప్పుడు ఒక సన్నని పొర, గాలిలోని ఆమ్లజనితో కలసి యేర్పడినది, కప్పియుండును. లోహము 660 సెంటీగ్రేడు డిగ్రీలకే కరగును. ఆ పొర కరగుటకు 2000 డిగ్రీలకు మించిన వేడి కావలెను. పొర పోవకుండ లోపల లోహము నీరగును, ముక్కలు మాత్రము కలియవు. అందుచే ఆర్గాన్ వాయువుతో పనిచేయు టిగ్ యంత్రమును ఏ.సి. కరెంటుపై వాడుదురు, ఆ కరెంటు అటునిటు మాఱుచున్నప్పుడు పొర చెదరిపోవును. ఇనుమునకు వాడు బొగ్గుపులుసు వాయువు దీనికి పనికిరాదు. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల ఈ పని తెలిసినవారు దొరకుదురు. వారితో మూడు మాటలు అడుగుడు: పూరకపు కమ్మి 5356 గాని 4043 గాని వాడుదురా, అల్యూమినియమునకు మాత్రమే వేఱుగా ఉంచిన స్టెయిన్‌లెస్ బ్రష్షు కలదా, అతుకునకు ముందు జిడ్డును ఎసిటోనుతో తుడుతురా. 5083 వంటి మెగ్నీషియము హెచ్చుగా గల రేకునకు 4043 కమ్మి వాడరాదు. క్లోరిను కలసిన ద్రావకములతో తుడిచిన ముక్కపై వెల్డింగు చేసినచో విషవాయువు పుట్టును. ఇది పనివాని ప్రాణమునకు సంబంధించినది. వెల్డింగు చేసిన భాగము ఏదైనను దెబ్బ నేరుగా పడని చోట, వంపు తక్కువగా నుండు చోట ఉండునట్లు చూచుకొనవలెను. దీపపు బిళ్లలు, చివరి మూతలు అట్టివి.

బోల్టులతో చేయుపని మన గ్రామపు కమ్మరియు, వడ్రంగియు కలసి చేయగలరు. కార్బైడు పండ్లు గల కలపఱంపపు చక్రముతో అల్యూమినియము చక్కగా తెగును. ముక్కను గట్టిగా బిగించి, కండ్లకు అద్దములు పెట్టుకొనవలెను. ఇనుమును సానపట్టు రాతిచక్రముపై దీనిని ఎన్నడును పెట్టరాదు. మెత్తని లోహము రాతి రంధ్రములలో నిండి చక్రము వేడెక్కి పగులును; పైగా ఆ పొడి ఇనుపరవ్వలతో కలసిన మండునది. రంధ్రము వేయునప్పుడు డ్రిల్లు మొనకు కిరసనాయిలు చుక్క వేయుచుండుడు. ఆకురాయి పండ్లలో లోహము ఇఱుకకుండ ముందుగా సుద్దముక్కతో రాయుట పాతకాలపు పనివారి చిట్కా; ఇప్పటికిని దానిని మించినది లేదు. రంధ్రము నడిమినుండి పట్టె అంచువఱకు రంధ్రపు వెడల్పునకు రెండింతలైనను లోహముండవలెను. 12 మిల్లీమీటర్ల బోల్టుకు 24 మిల్లీమీటర్లు. రంధ్రపు అంచులను నున్నగా గీకుట మఱవరాదు. పగుళ్లు అక్కడనే పుట్టును.

రేకును వంచునప్పుడు వాడిమూల కొట్టక, మందమునకు రెండింతల గుండ్రనికోణము ఇచ్చి వంచుడు. టి6 పలకను అట్లు వంచబోయినచో విఱుగును. కాచి మెత్తజేసి వంచుదమందురా, అల్యూమినియము వేడెక్కినప్పుడు ఇనుమువలె ఎఱ్ఱబడదు. చూచుచుండగనే హఠాత్తుగా కూలిపోవును. అందుకు పనివారు బట్టలసబ్బుతో గీత గీసి, క్రిందినుండి వేడిచేసి, ఆ గీత నల్లబడగనే మంట తీసివేయుదురు. అయితే అట్లు మెత్తపడిన ముక్క మరల టి6 కాదు. దానిని అలంకారమునకు వాడుకొనుడు గాని దెబ్బకు ఎదురుగా పెట్టకుడు.

బంపరును ట్రాక్టరునకు పట్టించు చోటు.— ముందు ఇరుసును మోయు పోత ఇనుప దిమ్మకు కర్మాగారమువారే బరువులు తగిలించుటకు రంధ్రములు చేసియుందురు. వానినే వాడవలెను, క్రొత్త రంధ్రము ఒక్కటియు వేయరాదు. రేడియేటరు చట్రమునకు గాని, బానెట్టు రేకునకు గాని బంపరును కట్టరాదు. మఱియు, బంపరు ఎంత గట్టిగా నున్న అంత మేలను భ్రమ విడువుడు. రోటవేటరు షాఫ్టులో షియరుబోల్టు ఎందుకుండును? రాయి తగిలినప్పుడు చిన్నబోల్టు తెగి పెద్ద గేరును కాపాడుటకు. ఇచటను అంతే. చట్రము వంగవలెను, దిమ్మ పగులరాదు. దిమ్మ పగిలినచో ముందు ఇరుసు ఇంజనునుండి విడివడును. ఆ ఖర్చు ముందు బంపరు ఖర్చు లెక్కకు రాదు.

దెబ్బ బలమెంతయో తెలియుటకు ఒక పోలిక. ట్రాక్టరు గంటకు 5 కిలోమీటర్ల వేగమున గోడను తాకుట, అదే ట్రాక్టరును 10 సెంటీమీటర్ల ఎత్తునుండి నేలపై పడవైచుటతో సమానము. 10 కిలోమీటర్లైనచో 40 సెంటీమీటర్ల ఎత్తు. 20 కిలోమీటర్లైనచో మీటరున్నర దాటును. వేగము రెండింతలైన దెబ్బ నాలుగింతలు. మనము చేయించు చట్రము మొదటిదానిని ఓర్చును, రెండవదానికి వంగును, మూడవదానికి ఏమియు చేయజాలదు. కళ్లమున వాము కొయ్యను, దొడ్డిగుమ్మమును తాకుటకు ఇది కవచము గాని రహదారిపై ప్రమాదమునకు కాదు.

రహదారి మాట వచ్చినది గనుక చట్టము సంగతియు చెప్పవలెను. జీపులకు, సరకుబండ్లకు ముందు తగిలించు అడ్డుకమ్ముల విషయమున కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వశాఖ 2017 డిసెంబరులో రాష్ట్రములకు లేఖ వ్రాసి, ఇవి 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగమునకు విరుద్ధమని తెలిపినది. పాదచారికి అట్టి కమ్మి తగిలినచో దెబ్బ మిక్కిలి హెచ్చుగా నుండుట అందలి ముఖ్య హేతువులలో ఒకటి. 2019 సవరణ చట్టముచే, అనుమతింపబడని రీతిగా బండిని మార్చిన యజమానికి ఒక్కొక్క మార్పునకు 5000 రూపాయల జుల్మానాయో, 6 మాసముల వఱకు ఖైదో, రెండునో విధింపవచ్చును. కావున సభ్యులు తమ సరకుబండ్లకు, జీపులకు ఇట్టివి చేయించుకొనవలదని మా గట్టి సలహా. వానికి కర్మాగారపు బంపరే మరల కొనుడు. ట్రాక్టరుకు చేయించువారు కూడ పని మొదలిడక పూర్వమే ట్రాక్టరు అమ్మిన వర్తకునివలనను, రవాణా కార్యాలయమువలనను వ్రాతమూలకముగా తెలిసికొనవలెను. నోటిమాట చాలదు. ట్రాక్టరును కూలీలు, బడిపిల్లలు నడచు దారినే తోలుదుము గదా. ముందుకు పొడుచుకొని వచ్చు కొమ్ముల వంటి అలంకారములను మేము ఎవ్వరికిని చేయించియివ్వము.

ఉప్పు, ఎరువులు, మందులు.— అల్యూమినియము త్రుప్పు పట్టదనుట నిజమైనను చెడదనుట నిజము కాదు. బోర్డో మిశ్రమమును ఇనుపపాత్రలో కలుపరాదని మేము ప్రతి ప్రదర్శనమునను చెప్పుచుందుము. మైలుతుత్తములోని రాగి ఇనుముపై పేరుకొని ఇనుమును తినును. మిశ్రమము సరిగా కుదిరినదా యని ఇనుపకత్తి ముంచి చూచుటయు అందువలననే. అల్యూమినియమునకు రాగి అంతకంటె శత్రువు. మైలుతుత్తపు నీరు తగిలినచో చుక్కచుక్కకు గుంటపడును. మందు చల్లివచ్చిన సాయంకాలమే మంచినీటితో కడుగవలెను. తడి సున్నము, తడి సిమెంటు కూడ దీనిని తినును. పొటాషు ఎరువు బస్తా చిరిగి పొడి బోల్టులలో చేరినచో ఉప్పునీటి పనియే చేయును.

ఇనుమును అల్యూమినియమును ఒకదానినొకటి తాకునట్లు బిగించి ఉప్పుతడి తగులనిచ్చినచో అల్యూమినియము తినబడి తెల్లని పిండిగా రాలును. ఇది రొయ్యల చెరువుల ప్రాంతమున ఒక్క వర్షకాలములోనే కంటికి కనబడును. కావున పోత ఇనుప దిమ్మకును చానలుకును నడుమ నైలాను పలకయో దళసరి ప్లాస్టికు రేకో పెట్టి, బోల్టుకు నైలాను తొడుగు, వాషరు వేయవలెను. పాతట్యూబు రబ్బరు అంత మంచిది కాదు. దానిలో నల్లబొగ్గు కలదు. స్టెయిన్‌లెస్ బోల్టులు పెద్ద అల్యూమినియపు పట్టెలో ఉండుట ఓర్చుకొనదగినదే. ఇత్తడి బోల్టులు ఎన్నడును వద్దు. రంగు వేయదలచినచో ముందుగా అల్యూమినియమునకు తగిన ఎచ్ ప్రైమరు పూయవలెను. ఇనుమునకు వేయు సీసపు ఎఱ్ఱపూత దీనికి హాని చేయును. అసలు రంగు వేయకున్నను నష్టము లేదు, ఇనుమును తాకు చోట్ల మాత్రము తప్పక వేయుడు.

అమర్చిన పిమ్మట మొదటి 10 గంటల పని కాగానే బోల్టులన్నియు మరల బిగింపవలెను. అల్యూమినియము వేడికి ఉక్కు కంటె రెండింతలు సాగును గనుక వేసవి మధ్యాహ్నమునకు, రాత్రికి నడుమ బిగువు మారుచుండును. ఉక్కునకు కొంత మితిలో నున్న ఊపు ఎన్నిసారులు తగిలినను చెఱుపు చేయదు. అల్యూమినియమునకు అట్టి మితి లేదు. చిన్న కుదుపులు కూడ ఏండ్ల తరబడి లెక్కకు చేరి పగులునకు దారితీయును. దమ్మునకు ముందు ఒకసారి, కోతలైన పిమ్మట ఒకసారి, చట్రమును కడిగి ఆరనిచ్చి, బోల్టు రంధ్రముల చుట్టును, వెల్డింగు ఉన్నచో దాని ప్రక్కలను, గోరు పెట్టి తడవి చూడుడు. వెండ్రుకవంటి గీత గోరునకు తగిలినచో దానిపై వెల్డింగు చేయింపక ఆ పట్టెనే మార్చుడు. పాతపట్టెను పాత ఇనుము వానికి ఇనుముతో కలిపి వేయక వేఱుగా తూకము వేయించినచో క్రొత్తదాని వెలలో కొంత చేతికి వచ్చును.